జంట శక్తుల కారు ఎంతకాలము నడచును?

పాత కారును కొనబోవువాడు మొదట చూచునది అది తిరిగిన దూరమును చూపు మీటరును. అందు లక్ష మైళ్లు దాటిన అంకె కనబడినచో బేరము క్రిందికి దిగును. ఇది మన దేశమందే కాదు, అన్ని దేశములందును ఉన్న వాడుకయే. ఆ కారు హైబ్రిడ్ కారైనచో కొనువాని మనస్సులో మరియొక దిగులు కూడ చేరును. పెట్రోలు ఇంజను ముసలిదైనచో బాగుచేయు మెకానిక్కులు ప్రతి పట్టణమునను గలరు. కాని సీటు వెనుక కంటికి కనబడక కూర్చున్న ఆ పెద్ద బ్యాటరీ మాట యేమి? అది ఏనాడు మూలబడునో, మూలబడిననాడు ఎంత సొమ్ము పెట్టవలసివచ్చునో తెలియక వెనుదీయువారు పలువురు. ఉద్యోగి కిది కొన్నేండ్లు కూడబెట్టిన సొమ్మును గూర్చిన ప్రశ్న. టాక్సీ నడిపి ఇల్లు గడుపుకొనువానికి ఇది బ్రతుకుతెరువును గూర్చిన ప్రశ్న.

దీనికి సమాధానము ఆ కారు చరిత్రలోనే ఉన్నదని మాకు తోచుచున్నది. ఆ చరిత్ర నూటయిరువది యేండ్లకు పైబడినది. అందు మొదటి తొంబదియేండ్లును బ్యాటరీ చేతిలో కారు ఓడిపోయిన కథ. తరువాతిది బ్యాటరీచేత ఎంత పని చేయింపవచ్చునో, ఎంత చేయింపరాదో మనుష్యుడు తెలిసికొన్న కథ.

హైబ్రిడ్ అను మాట మన రైతులకు క్రొత్త కాదు. హైబ్రిడ్ జొన్న, హైబ్రిడ్ ప్రత్తి విత్తనములు వారెరిగినవే. రెండు జాతుల మేలిగుణములు ఒక విత్తనమున కలసినట్లు, ఈ కారునందు పెట్రోలు ఇంజనును, విద్యుత్ మోటారును కలసి ఒకే బండిని లాగును. ఇంజనుకు నిలుకడయైన వేగముపై పోవుట సుఖము. ఆగి ఆగి కదలుట కష్టము. మోటారుకు నిలిచిన బండిని కదల్చుటయే సుఖము. కాబట్టి ఊరిలోని రద్దీలో మోటారు ముందుకు వచ్చును. రహదారిపై ఇంజను భారమును వహించును. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగ మారి, వేడియై వృథాపోవలసిన శక్తిలో కొంత విద్యుత్తుగ మార్చి బ్యాటరీకి పంపును. గోడకు తీగ తగిలించి ఛార్జి చేయవలసిన కార్లు వేరు. మనము చెప్పుకొనుచున్న కారు తన విద్యుత్తును తానే పుట్టించుకొనును.

1900లో పారిస్ నగరమున జరిగిన ప్రపంచ ప్రదర్శనమున వియన్నా నగరపు బండ్ల తయారీదారులైన లోనర్ కంపెనీవారు ఒక విద్యుత్ కారును ప్రదర్శించిరి. దానిని రూపొందించినవాడు ఫెర్డినాండ్ పోర్షే. అతనికి అప్పటికి సుమారు 25 సంవత్సరములు. ముందు చక్రముల కుండలలోనే మోటార్లను అమర్చుట అతని నేర్పు. గేర్లు లేవు, గొలుసులు లేవు, చప్పుడు లేదు. కాని ఆ కారు మోయవలసిన సీసపు బ్యాటరీ బరువే 400 కిలోలు దాటెను. కొంతదూరము పోవుసరికి బ్యాటరీ వట్టిపోవును. దారిలో ఛార్జి చేసికొను వసతి లేదు. ఈ చిక్కును తీర్చుటకై పోర్షే అదే సంవత్సరమున రెండు చిన్న పెట్రోలు ఇంజన్లను కారులో నిలిపి, వానిచేత జనరేటర్లను త్రిప్పించి, ఆ విద్యుత్తుతో మోటార్లను నడిపెను. ఆ కారుకు ‘సెంపర్ వివస్’ అని పేరు పెట్టిరి. లాటిన్ భాషలో దాని కర్థము ‘సదా సజీవము’ అని. మన మాటలో చెప్పవలెనన్న ‘చిరంజీవి’.

పేరు చిరంజీవియే గాని దాని ఆయుర్దాయము స్వల్పము. 1901లో దానిని సవరించి ‘మిక్స్ట్’ అను పేర విక్రయించిరి. బండి బరువైనదే. ధర సామాన్యుని కందలేదు. బెల్జియం దేశమున లియేజ్ నగరవాసి హెన్రీ పీపర్ ఇంజనును, మోటారును ఒకే ఇరుసుపై కూర్చి, చదునునేలపై ఇంజను మిగుల్చుకొన్న శక్తిని బ్యాటరీలో దాచి, ఎత్తెక్కునప్పుడు వాడుకొను పద్ధతిని కనిపెట్టి, 1905లో అమెరికా పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. నేటి హైబ్రిడ్ కారు వెనుక నున్న భావము ఇదియే. భావము సిద్ధముగ నుండెను. దానిని మోయగల బ్యాటరీ లేదు, రెండు శక్తులను క్షణక్షణము తూచి పంచగల యంత్రపు మెదడు లేదు.

చికాగో నగరపు వుడ్స్ కంపెనీ 1916లో ‘డ్యుయల్ పవర్’ అను కారును విడుదల చేసెను. తక్కువ వేగములో మోటారే దానిని నడుపును. ఆపైన నాలుగు సిలిండర్ల ఇంజను అందుకొనును. గరిష్ఠవేగము సుమారు 35 మైళ్లు. ధర 2,600 డాలర్లకు పైమాట. అదే కాలమున ఫోర్డు వారి టీ మోడల్ కారు 400 డాలర్లకు లోపుగనే దొరకుచుండెను. వుడ్స్ వారి కారు 1918తో ఆగిపోయెను.

అప్పటికే పెట్రోలు కారు గెలుపు ఖాయమై యుండెను. అందులో ఒక విచిత్రము గలదు. తొలినాటి పెట్రోలు కారును బయలుదేరదీయుటకు ముందు భాగమున ఇనుపకడ్డీని దూర్చి బలముగ త్రిప్పవలసియుండెను. ఇంజను వెనుకకు తన్నినచో చేయి విరుగుటయు కలదు. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కారులోనికి వచ్చినప్పుడు ఈ బెడద తొలగెను. అనగా విద్యుత్ కారును ఓడించుటకు పెట్రోలు కారుకు తోడుపడినది చిన్న విద్యుత్ మోటారును, చిన్న బ్యాటరీయును!

ఆపిమ్మట అరువదియేండ్లు ఈ ఊహ మరుగున పడెను. 1970లో అమెరికాలో వాయు కాలుష్యమును అరికట్టు చట్టము కట్టుదిట్టమైన పిదప, విక్టర్ వూక్ అను ఇంజనీరు ఒక బ్యూక్ స్కైలార్క్ కారును హైబ్రిడ్‌గ మార్చి 1974లో ప్రభుత్వ పరీక్షకు పెట్టెను. ఈయన నవలారచయిత హెర్మన్ వూక్ సోదరుడు. కారు చక్కగనే నడిచినను 1976 నాటికి ప్రభుత్వము ఆ పథకమును ముగించెను. మరల పదునెనిమిది, ఇరువది యేండ్లు గడచెను.

1990 తరువాత జపాను దేశపు టయోటా కంపెనీ 21వ శతాబ్దమునకు తగిన కారును చేయవలెనని సంకల్పించి, ఆ భారమును తకేషీ ఉచియమాడా అను ఇంజనీరుపై ఉంచెను. వారు కూర్చిన మొదటి నమూనా 49 దినముల వరకు కదలనే లేదని ఉచియమాడా తరువాత చెప్పియున్నాడు. కదలిననాడు పోయినది 500 మీటర్లు. అట్టి బండిని రెండేండ్లలో సవరించి 1997 డిసెంబరులో ‘ప్రియస్’ అను పేర జపానులో విక్రయమునకు పెట్టిరి. అదే నెలలో అదే దేశమందలి క్యోటో నగరమున భూతాపమును గూర్చిన ఒడంబడిక కుదిరెను. 2000లో ప్రియస్ ఇతర దేశములకు పోయెను. హోండా వారి ‘ఇన్‌సైట్’ 1999లోనే అమెరికా చేరియుండెను.

ప్రియస్ లోపల ఇంజను, రెండు మోటార్లు ఒక పళ్లచక్రముల కూర్పుచేత ముడివడి యుండును. నడుమ ఒక చక్రము, దాని చుట్టు తిరుగు చిన్న చక్రములు, వాని నన్నిటిని చుట్టుకొన్న పెద్ద వలయము. సూర్యుని చుట్టు గ్రహములు తిరిగినట్లుండుటచే దానికి గ్రహచక్రపు గేరు అని పేరు. క్లచ్చి లేదు. విడిగ స్టార్టరు లేదు, డైనమో లేదు. ఆ పనులన్నియు ఆ మోటార్లే చేయును. అరిగిపోవు భాగములు మామూలు కారులోకంటె ఈ విషయమున తక్కువ. రెండు శక్తులున్న కారులో చిక్కులు కూడ రెండింతలుండునని అనుకొనువారు ఈ సంగతి నెరుగవలయును.

ఇక బ్యాటరీ మాట. 1997 నాటి కారులో నికెల్ జాతి సెల్లులు 240 ఉండెను; 2000లో 228; 2003లో వచ్చిన రెండవ తరము కారులో 168 మాత్రమే. సంఖ్య తగ్గినను పని తగ్గలేదు. ఆయుర్దాయమునకు మూలము మరియొక చోట గలదు. కారులోని కంప్యూటరు ఆ బ్యాటరీని ఎన్నడును పూర్తిగ నింపదు, ఎన్నడును పూర్తిగ వట్టిపోనీయదు. నూటికి సుమారు 40 పాళ్లకు దిగనీయక, 80 పాళ్లకు మించనీయక, 60 ప్రాంతమున నిలుపుటకు యత్నించును. విద్యుత్తు రాని రోజులలో పల్లెటూళ్లలో బ్యాటరీతో రేడియో నడిపినవారికి వార్తల నడుమ గొంతు సన్నగిలి రేడియో మూగవోవుట జ్ఞాపకముండును. ఆ బ్యాటరీని కడపటి బొట్టువరకు పిండి పారవేసెడివారము. కారు బ్యాటరీ నట్లు పిండినచో కొద్దికాలములోనే చచ్చును. తెలివిగల రైతు ఎద్దు బలమునంతను ఒక్కనాటి దుక్కిలో తీసికొనడు, మరునాటికి మిగుల్చును. ప్రియస్ చేసినవారు చేసినదియు నదియే. 1900 నాటి కారు బ్యాటరీ మీద బ్రతికెను గనుక బ్యాటరీతోనే పోయెను. 1997 నాటి కారు బ్యాటరీకి విశ్రాంతి నిచ్చెను గనుక నిలిచెను.

అయినను తొలినాళ్లలో జనులు నమ్మలేదు. కంపెనీవారు అమెరికాలో 8 సంవత్సరములు లేదా లక్ష మైళ్లు హామీ యిచ్చినప్పుడు, ఆ గడువు మరునాడే బ్యాటరీ పోవునని హాస్యమాడినవారు గలరు. నిజము తేల్చినవారు టాక్సీ డ్రైవర్లు. కెనడాలోని వాంకూవర్ నగరమున ఒక డ్రైవరు 2001 నాటి ప్రియస్‌ను టాక్సీగ త్రిప్పి, రెండేండ్లకు కొంచె మించిన కాలములో 3 లక్షల కిలోమీటర్లు దాటించెను. అది ఎట్లు అరిగినదో చూడవలెనని కంపెనీవారే ఆ కారును తీసికొనిపోయి పరీక్షించిరి. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 2005లో టాక్సీలుగ దిగిన ఫోర్డు వారి ‘ఎస్కేప్’ హైబ్రిడ్లు 3 లక్షల మైళ్లు తిరిగి విశ్రమించినవి. 2011లో అమెరికాలోని ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ పత్రికవారు 2 లక్షల మైళ్లు దాటిన 2002 నాటి ప్రియస్ నొకదానిని తెచ్చి, తాము పదియేండ్లనాడు క్రొత్త కారుకు చేసిన పరీక్షలనే దానికిని చేసిరి. క్రొత్తదానికి గ్యాలనుకు 40.6 మైళ్లు వచ్చియుండగ, పాతదానికి 40.4 మైళ్లు వచ్చెను. బ్యాటరీ మొదటిదే. ఒక్క కారు పరీక్షను బట్టి అన్ని కార్లకును తీర్పు చెప్పరాదు. కాని లక్ష మైళ్లు బ్యాటరీకి మరణరేఖ కాదని అది చూపినది.

ఇచ్చట ఒక మాట గమనింపవలెను. ఆ టాక్సీలు దినదినము తిరిగినవి. నికెల్ బ్యాటరీ ఊరక పడియుండినచో తనంత తానే వట్టిపోవుచుండును. తక్కువ దూరము తిరిగినదని మురిసి కొన్న పదునైదేండ్ల కారుకంటె, ఎక్కువ దూరము తిరిగి క్రమముగ సాకబడిన ఏడెనిమిదేండ్ల కారు మేలగుట గలదు. మీటరుపై అంకె ఒక్కటే చూచుట చాలదు. ఎన్ని యేండ్లు గడచెను, ఎంతకాలము కదలక నిలిచెను, ఎవరెట్లు చూచుకొనిరి అనునవి కూడ విచారింపవలెను. సర్వీసు చేయించిన చీటీలు వరుసగ దాచియుంచిన యజమాని చేతి కారునకు కొంత ఎక్కువ ధర యిచ్చినను నష్టము లేదు.

బ్యాటరీని చంపు మొదటి శత్రువు వేడి. ప్రియస్ వంటి కార్లలో బ్యాటరీని చల్లార్చు గాలి మనము కూర్చుండు భాగమునుండియే పోవును. వెనుక సీటు ప్రక్కన చిన్న జాలివంటి ద్వారముండును; దాని వెనుక ఒక ఫ్యాను. సంచులు, దుప్పట్లు ఆ జాలికి అడ్డముగ పెట్టినచో బ్యాటరీకి ఊపిరాడదు. దుమ్ము, వెండ్రుకలు ఫ్యాను రెక్కలకు పట్టుకొన్నను అంతే. ఏడాది కొకసారి దానిని విప్పించి శుభ్రము చేయించుటకు అగు ఖర్చు స్వల్పము. చేయింపకపోయినచో కలుగు నష్టము పెద్దది. రోళ్లు పగులు రోహిణి కార్తెలో కారును నీడపట్టున నిలుపుటయు, లోపల చల్లగాలి యంత్రమును వేసికొనుటయు మన సుఖము కొరకే కాదు, బ్యాటరీ ఆయువు కొరకు కూడ. మనము చల్లగ నుండిన గాని అది చల్లగ నుండదు.

పెద్ద బ్యాటరీతో పాటు మామూలు కార్లలో వలె 12 వోల్టుల చిన్న బ్యాటరీ యొకటి ఇందును గలదు. కంప్యూటర్లను మేల్కొలుపునది అదియే. అది నీరసించినచో ముంగిటి పలకపై సంబంధము లేని హెచ్చరికలన్నియు వెలుగును. పెద్ద బ్యాటరీయే పోయినదని బెదరి వేలకు వేలు సమర్పించుకొనక, మొదట చిన్నదానిని పరీక్ష చేయించుట మంచిది.

బ్రేకుల సంగతి మరియు విచిత్రము. వేగమును తగ్గించు పనిలో పెద్దపాలు మోటారుదే గనుక బ్రేకు ప్యాడ్లు లక్ష కిలోమీటర్లు దాటినను అరుగకుండుట గలదు. కాని వాడకము తక్కువగుటచేతనే వానకాలమున అవి త్రుప్పుపట్టి బిగియును. అరుగలేదని వదలిపెట్టక, విప్పించి చూపించి, జారు భాగములకు తగిన గ్రీజు పెట్టింపవలెను. బ్రేకు నూనెను గడువుకు మార్పింపవలెను. విద్యుత్తును మార్చియిచ్చు ఇన్వర్టరును చల్లార్చుటకు వేరుగ నీటిపంపు ఉండును. అది నిలిచిపోయినచో కారే నిలిచిపోవును. గేర్ల నూనె జీవితాంతము మార్పనక్కరలేదని కొందరందురు. ఎవరి జీవితాంతమో వారు చెప్పరు. రెండు మూడు లక్షల కిలోమీటర్లు నడుపదలచినవారు లక్షకు లోపుగనే ఒకమారు మార్పించుట వివేకము.

చరిత్ర నేర్పిన మరియొక పాఠము గలదు. 2009లో వచ్చిన మూడవ తరము ప్రియస్ ఎక్కువ దూరము తిరిగిన పిదప పలుచోట్ల మెకానిక్కుల కడకు తెచ్చిన చిక్కు బ్యాటరీది కాదు, ఇంజనుది. పొగలో కొంత భాగమును చల్లార్చి మరల ఇంజనుకు పంపు మార్గమున మసి గట్టిపడి పూడుకొనును. కడపట సిలిండరు తలక్రింది గాస్కెట్టు పోవును. ఆ మార్గమును విప్పి శుభ్రము చేయించినవారు ఈ ముప్పును దూరముగ ఉంచుకొనుచున్నారు. లోకమంతయు బ్యాటరీని చూచి భయపడుచుండగ, తమకు బాగుగ తెలిసినదనుకొన్న పెట్రోలు ఇంజనే అశ్రద్ధచేత చెడెను.

మన దేశమునకు హోండా వారి సివిక్ హైబ్రిడ్ 2008లోను, ప్రియస్ 2010లోను వచ్చినవి. విదేశములనుండి దిగుమతియగుటచే వాని ధర సామాన్యుల కందలేదు. 2022లో మారుతీ వారి గ్రాండ్ విటారా, టయోటా వారి హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ ఇచ్చటనే తయారై వచ్చిన పిమ్మట హైబ్రిడ్ కారు మన వీధులలో మామూలు దృశ్యమైనది. వీనిలో మొదటి రెండింటికి లిథియం బ్యాటరీ. హైక్రాస్‌కు పాత నికెల్ జాతిదే. టయోటా వారు ఇచ్చట బ్యాటరీకి 8 సంవత్సరములు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ యిచ్చిరి. వాంకూవర్ డ్రైవరు రెండువేల ఒకటిలో ఎదుర్కొన్న ప్రశ్నను, ఈ హామీలు తీరునాటికి విజయవాడలోను, వరంగల్లులోను మన డ్రైవర్లు ఎదుర్కొందురు.

ఎంత సాకినను బ్యాటరీ ఏదో ఒకనాడు పోవును. అప్పుడు దారులు మూడు. క్రొత్తది వేయించుట మొదటిది. ఖర్చు హెచ్చు, నిశ్చింత హెచ్చు. పాత బ్యాటరీలనుండి మంచి భాగములను ఏరి కూర్చినదానిని వేయించుట రెండవది. కూర్చినవాని నేర్పును, అతడిచ్చు హామీని బట్టి దాని విలువ. చెడిన ఒక్క భాగమును మాత్రము మార్చుట మూడవది. ఇది చౌక, కాని తక్కిన భాగములును అదే వయస్సువి గనుక కొన్ని నెలలకు మరియొకటి పోవును. ముసలి ఎద్దు ప్రక్కన కోడెను కట్టినచో కాడి నిలువదు. కారును అమ్మివేయదలచినవాడు కొనువానికి చెప్పకుండ ఈ మూడవ దారి త్రొక్కుట వంచన. ఇంకను అయిదారేండ్లు నడుపుకొనదలచినవాడు బ్యాటరీ ఖర్చును ఆ యేండ్లకు పంచి, మిగులు పెట్రోలు ఖర్చుతో సరిచూచుకొన్నచో ఏది మేలో అతనికే తెలియును.

ఒక హెచ్చరిక తప్పక చెప్పవలసియున్నది. ఈ బ్యాటరీ 200 వోల్టుల ప్రాంతపు విద్యుత్తుతో నుండును. ఇన్వర్టరు దానిని ఇంకను హెచ్చించును. ఆ శక్తిని మోయు తీగలకు నారింజరంగు తొడుగు వేసియుందురు. ఆ రంగు తీగ కనబడినచోట ఇంటివారు చేయి పెట్టరాదు. నేర్చినవాడు కూడ మొదట రక్షణ ప్లగ్గును తీసి, రబ్బరు చేతొడుగులు ధరించి, దాగియున్న విద్యుత్తు ఇంకువరకు కొన్ని నిమిషములు ఆగి గాని పని మొదలుపెట్టడు. పాత కార్లను చౌకగ నిలుపుకొనవలెనన్న మన పట్టణములందు ఈ విద్య నేర్చిన మెకానిక్కులు పెరుగవలెను. లేథు పట్టెడువారు, రేడియో బాగుచేయువారు ఒకనాడు మన వీధులలో పుట్టి పెరిగినట్లే వీరును పెరుగుదురు, ఐ.టి.ఐ.లలో ఈ పని నేర్పినచో త్వరగ పెరుగుదురు.

చిరంజీవియని పేరు పెట్టుకొన్న 1900 నాటి కారు నేడు ప్రదర్శనశాలలలో మాత్రమే చూడదగినది. లక్షల మైళ్లు తిరిగిన పాత ప్రియస్‌లు నేటికిని రోడ్లపై ప్రయాణికులను మోయుచున్నవి. చేసినవారు బ్యాటరీకి కొంత బలమును మిగిల్చి యిచ్చిరి. దానిని నిలుపుకొనుట కొన్నవాని చేతిలో నున్నది. పాత హైబ్రిడ్ కారు ఇంటికి వచ్చిననాడు మీటరుపై అంకెను చూచి దిగులుపడుటకు ముందు, వెనుక సీటు ప్రక్కనున్న ఆ జాలిని తీయించి దుమ్ము దులిపించుటతో పని మొదలుపెట్టవచ్చును.